గ్రంథపరీక్షకుడు బ్రౌను దొర

బ్రౌణ్యనిఘంటువు లేని గ్రంథాలయము తెలుగునాట అరుదు. బీరువా క్రింది అరలో అట్టలు సడలి, అంచులు నలిగి యుండు ఆ పెద్ద పుస్తకమును పదమునకు అర్థము తెలియనప్పుడు జనులు తీయుదురు; పని తీరగానే మరల అచటనే పెట్టుదురు. అందుచేత దానిని కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పదములను ప్రోగుచేసినవాడుగనే లోకమునకు తెలియును. కాని పదములకు ముందు ఆయన పుస్తకములను ప్రోగుచేసెను. ఏ పుస్తకము చదువదగినది, ఏది ప్రతి వ్రాయించి నిలుపదగినది, ఏది అచ్చునకెక్కదగినది అను నిర్ణయము, పరదేశీయుడైన ఆయన నెత్తిన పడెను. ఆ భారమును ఆయన ఎట్లు మోసెనో, ఎచట తడబడెనో తెలిసికొనుట పుస్తకములను ప్రేమించువారికి అవసరము.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. ఫోర్టు విలియము కళాశాలలో పెద్ద పదవి వహించినవాడు. పలు ప్రాచ్యభాషలయందు ఆసక్తి గలవాడు. ఆ యింట పెరిగిన బాలునకు క్రొత్త లిపి యన్న భయము చిన్ననాడే పోయెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు మరలెను. అచట హెయిలీబరీ కళాశాలలో కుంపిణీ కొలువునకు వలసిన చదువు చదివి, 1817 ఆగస్టులో ఆయన చెన్నపట్నమున ఓడ దిగెను. అప్పటికి ఆయనకు తెలుగు అక్షరము రాదు.

చెన్నపట్నములో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు ఓనమాలు దిద్దించెను. 1820లో పరీక్ష యందు కృతార్థుడై, కడప కలెక్టరు హాన్‌బరీ దొరకు సహాయకుడుగ నియమింపబడెను. హాన్‌బరీ రైతులతో తెలుగుననే మాటలాడువాడు. కచ్చేరికి వచ్చు అర్జీలు, వాఙ్మూలములు, రయితుల మొరలు అన్నియు తెలుగే. బ్రౌనుకు అచట ఒక వింత కనబడెను. పంతులు చెప్పిన కావ్యభాష ఒకటి, కచ్చేరిలో వినబడు భాష మరియొకటి. ఈ రెంటికి నడుమ వంతెన వంటి పుస్తకము ఏది యని విచారింపగా చెప్పువారు లేకపోయిరి. క్యాంబెలు దొర 1816లో ప్రకటించిన వ్యాకరణము ఉండెను గాని, వ్యాకరణము చదివి భాష వచ్చునా? భాషకు పుస్తకములు కావలయును. ఆ పుస్తకములు ఎచట నున్నవి?

నేడు గ్రంథాలయ సంఘములవారు పట్టిక చూచి, వెల చూచి, తపాలలో పుస్తకములు తెప్పింపగలరు. ఆనాటి పుస్తకమనగా తాటియాకుల కట్ట. గంటముతో గీచి, మసి పూసి, రెండు పలకల నడుమ త్రాటితో బిగించినది. పద్యమునకును పద్యమునకును నడుమ పంక్తి విడువరు; పదమునకును పదమునకును నడుమ ఎడముండదు. ఆకులు తారుమారైనచో కథ తారుమారగును. లేఖకుడు అర్థమెరుగక వ్రాసినచో అక్షరములు తప్పును. అర్థమెరిగి వ్రాసినచో తనకు తోచిన సవరణ చేయును. ఈ ఇరువురిలో రెండవవాడే ప్రమాదకరుడు. అక్షరదోషము కంటికి కనబడును. తెలివిగా చేసిన సవరణ మూలమువలెనే నిలుచును. లెక్కలు వ్రాయువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొకటి. తాటియాకు కొన్ని తరములు నిలుచును. ఆలోపున మరియొకడు దానిని చూచి ప్రతి వ్రాసికొనవలయును. ఎవరును వ్రాసికొనని గ్రంథము చెదలకు ఆహారమగును. కాబట్టి ఆ దినములలో ఒక గ్రంథము చదువదగినదా అను ప్రశ్న వెనుక, అది బ్రతుకవలెనా అను ప్రశ్న దాగియుండెను. జమీందారుల ఆదరణ సన్నగిల్లినది. కావ్యములు చెప్పించుకొను శిష్యులు తగ్గిరి. అచ్చు ఇంకను ఊళ్ళకు రాలేదు. 1825 ప్రాంతమున తెలుగు సాహిత్యము ఆరిపోవుటకు సిద్ధముగ నున్న దీపము వంటిదని బ్రౌను తలంచుటలో కొంత అతిశయోక్తి యున్నను, ఆ తలంపు నిరాధారమైనది కాదు.

1824లో ఆయన మచిలీపట్టణమున నుండగా ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి వ్రాసిన పుస్తకమొకటి ఆయన చేతబడెను. హిందువుల ఆచారములను గూర్చి వ్రాయుచు అతడు వేమన యను కవిని పేర్కొనెను. తెలుగు నేర్చి నాలుగేండ్లు దాటినను, తన పండితులెవ్వరును ఆ పేరు తనకు చెప్పకుండుట బ్రౌనుకు విచిత్రముగ తోచెను. అడుగగా వారు ఆ కవిని తేలికగ త్రోసివేసిరి. ఆటవెలదులు, వాడుక మాటలు, కులాచారములపై ఎత్తిపొడుపులు. ఇట్టి వానిని చదువుకొన్నవారు చేతబట్టుదురా యని వారి భావము.

ఇచటనే బ్రౌను బుద్ధిసూక్ష్మత వెల్లడియగుచున్నది. పండితులు వద్దన్నారని ఆయన విడువలేదు. విదేశీయుడొకడు మెచ్చినాడని నమ్మనూలేదు. మూడవ సాక్ష్యమును వెదకెను. సేద్యగాండ్రు, బంట్రోతులు, వర్తకులు, బైరాగులు మాటకు మాటగ ఆ పద్యములను వాడుచుండిరి. వ్రాతప్రతుల కొరకు మనుష్యులను పంపగా కట్టలు కట్టలుగ వచ్చిపడెను. ఎవరును చదువదగినది కాదన్న పుస్తకమునకు అన్ని ప్రతులు ఎట్లు పుట్టినవి? గంటము పట్టి అన్ని పద్యములు గీచుట వేడుక పని కాదు. ప్రతి యొక్కటియు ఒక పాఠకుడు తన చేతి నొప్పితో వ్రాసి యిచ్చిన సాక్ష్యము.

అయినను ప్రీతి యొకటి, పరీక్ష యొకటి. ఆ ప్రతులలో ఏ రెండును ఒకదానితో ఒకటి పొసగలేదు. ఒకదానియందున్న పద్యము మరియొకదానియందు లేదు. ఉన్నను పాదములు తారుమారు. వేమన పేర ఇతరులు చెప్పిన పద్యములును కలిసియుండెను. బ్రౌను వానినన్నిటిని కాగితముపై వ్రాయించి, ప్రతి పద్యమునకు సంఖ్య వేయించి, అకారాదిగ సూచిక కట్టించి, పాఠభేదములను ప్రక్కన ఎక్కించెను. ఏది తీసికొనవలెను, ఏది విడువవలెను అని పండితులతో పద్యము వెంట పద్యము తర్కించెను. వేమనను చిన్నచూపు చూచిన పండితవర్గముచేతనే వేమనను పరిష్కరింపజేయుట ఆయన నేర్పు. వారి రుచిని ఆయన అంగీకరింపలేదు గాని, వారి ఛందోజ్ఞానమును, పదజ్ఞానమును విడువలేదు. రుచి వేరు, పాండిత్యము వేరు అని తెలిసికొనని వారు రెంటిని కలిపి నెత్తిన పెట్టుకొందురు, లేదా రెంటిని కలిపి పారవేయుదురు.

1829లో 693 పద్యములతో, ఆంగ్లానువాదముతో, వేమన చెన్నపట్నమున అచ్చయ్యెను. పదేండ్ల తరువాత 1839లో ఆయనయే మరల 1,164 పద్యములతో మరియొక కూర్పు ప్రకటించెను. ఈ రెండు సంఖ్యలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. మొదటి ఏరివేతలో విడిచిన వానిలో నిలుపదగినవి యున్నవని ఆయన తరువాత గుర్తించినట్లే గదా! తన తీర్పును తానే తిరుగదోడుటకు సిగ్గుపడని వాడు గనుకనే ఆ పద్యములు మనకు దక్కినవి. ఆయన చేసిన పనులలో ఇది చిన్నదిగ కనబడును గాని, నిఘంటువు కంటె దీనిని గొప్పగ నెంచువారును గలరు.

1826లో బ్రౌను మరల కడపకు వచ్చెను. అచట తోటతో కూడిన బంగాళా నొకదానిని కొని, దానిని పండితులకు నిలయము గావించెను. జనులు దానిని బ్రౌను కాలేజి యనిరి. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య శాస్త్రి, రావిపాటి గురుమూర్తి శాస్త్రి మున్నగువారు వేరువేరు కాలములయందు ఆయన కొలువులో పనిచేసిరి. లేఖకులు వేరు. జీతములు, కాగితము, ప్రతులు తెచ్చువారి దారిబత్తెములు, సర్వమును ఆయన సొంత జీతము నుండియే. జీతము చాలనప్పుడు అప్పు. ఆ అప్పులు ఆయనను చిరకాలము వెంటాడెను. అయోధ్యాపురం కృష్ణారెడ్డి వంటి మిత్రులు అక్కరకు నిలువకున్నచో ఆ కొలువు నడచెడిది కాదు. కుంపిణీ కొలువులో నున్న దొరలు అప్పులపాలగుట అరుదు కాదు. కాని తాటియాకుల కొరకు అప్పులపాలైనవారు ఎందరు?

ఆ బంగాళాలోని పద్ధతి యిది. ఒక గ్రంథము ఎన్నుకొనిన పిమ్మట దానికి దొరికినన్ని ప్రతులు తెప్పింతురు. మంచి ప్రతి నొకదానిని ఆధారముగ చేసికొని, పాఠభేదములకు చోటు విడిచి, కాగితముపై వ్రాయుదురు. ఒకడు చదువును, తక్కినవారు తమ ముందున్న ప్రతులు చూచుచు భేదము వచ్చినచోట ఆపుదురు. వాదము జరుగును. నిర్ణయమైన పాఠము నిలుచును. కాని ఓడిన పాఠమును చెరిపివేయరు, ప్రక్కన నుంతురు. పిదప టీక, పదసూచిక. చదువుట యనగా ఇంత పని యని ఆ కాలమున తెలుగునకు చూపినవారు మరియొకరు లేరు. ఆ పదసూచికలే తరువాత నిఘంటువునకు విత్తనములయ్యెను. అందుచేతనే ఆ నిఘంటువులో ద్విపదల నుండియు వేమన పద్యముల నుండియు ఉదాహరణములు అడుగడుగున కనబడును.

ద్విపదల సంగతి వేరుగ చెప్పవలెను. ద్విపద ముదుసలిది, దానిని పండితులు చేపట్టరాదు అను తలంపు ఆనాడు గట్టిగ నుండెను. బ్రౌను అభిప్రాయము భిన్నము. ద్విపద గొంతునకు వచ్చును. అన్వయము సూటిగ నడచును. క్రొత్తగ చదువువాడు పంక్తికి పది మారులు నిఘంటువు వెదకనక్కరలేదు. కనుక 1841లో ద్విపద నలచరిత్రను, 1842లో గౌరన హరిశ్చంద్ర కథను అచ్చువేయించెను. పలనాటి వీరచరిత్రకు ప్రతులు తెప్పించి వ్రాయించెను. వీరశైవ గ్రంథముల విషయమున ఆయనకు మరియొక సత్యము తెలిసెను. బసవపురాణము, పండితారాధ్యచరిత్ర వంటి వానిని గూర్చి బ్రాహ్మణ పండితులనడిగిన ప్రయోజనము లేదు. వారి యిండ్లలో అవి యుండవు, ఉన్నను మెచ్చరు. జంగముల నడిగి వారి గ్రంథములు సేకరించి, వారి మతమును వాఙ్మయమును గూర్చి 1840లో ఒక విపులమైన వ్యాసము ప్రకటించెను. ఒక పుస్తకము మంచి చెడ్డలు దానిని ద్వేషించువానిని మాత్రమే అడిగి తేల్చుట, ప్రతివాది మాట విని దావా కొట్టివేయుట వంటిది.

ఇట్లని బ్రౌను సులభమైన వానినే పట్టుకొని కఠినమైన వానిని విడిచెనని తలపరాదు. వేమనను వెలికి దెచ్చిన ఆయనయే 1844లో వసుచరిత్రమును, 1851లో మనుచరిత్రమును జూలూరి అప్పయ్య శాస్త్రి వ్యాఖ్యతో అచ్చువేయించెను. వసుచరిత్రము శ్లేషల పుట్ట. టీక లేనిదే మంచి చదువరికిని కొరుకుడుపడదు. కఠినమైన పుస్తకమును చదువలేమని త్రోసివేయక, చదువుటకు వలసిన మెట్లు కట్టించి పాఠకుని చేతికిచ్చుట ఆయన మార్గము. మరియొక ప్రక్క 1852లో తెలుగు రీడరను పేర ఉత్తరములు, పోలీసు కాగితములు, రెవిన్యూ వ్యవహారముల వ్రాతలు కూర్చి ప్రకటించెను. వసుచరిత్రమును, పటేలు కరణముల కాగితములను ఒక్క చేతితోనే పట్టుకొన్న సంపాదకుడు అరుదు. అర్జీకూడ చదువదగిన తెలుగే యని ఆయన భావము. ఆ భావము ఆనాడు హాస్యాస్పదముగ తోచియుండవచ్చును.

దోషములు లేవా? ఉన్నవి. అరసున్నను, శకటరేఫమును నిష్ప్రయోజనములని ఆయన తన నిఘంటువునుండి తొలగించెను. దానిచే పదముల పూర్వరూపము తెలిసికొనుటకు గల ఆధారము కొంత చెడినది. పండితులు కోపించుటలో న్యాయమున్నది. పూర్వలాక్షణికుల యెడ ఆయన ఓరిమి తక్కువ. భాష నేర్చుకొనువానికి పనికివచ్చునా అను కొలబద్దను ఆయన ప్రతి గ్రంథమునకును పట్టెను. ఆ కొలబద్ద వేమనకును, ద్విపదలకును మేలు చేసెను. కాని పుస్తకములన్నియు నేర్చుకొనువాని కొరకే పుట్టలేదు. పరదేశీయుడు భాష నేర్చుటకు ఉపకరింపని గ్రంథము కూడ ఆ భాషలో పుట్టినవానికి ప్రాణసమానము కావచ్చును. ఈ భేదమును బ్రౌను అన్నివేళల గుర్తించినట్లు కనబడదు.

కొలువులో ఆయన దారి పూలబాట కాదు. 1832, 33 సంవత్సరములలో గుంటూరు సీమను డొక్కల కరువు పీడించినప్పుడు ఆయన ఆ ప్రాంతమున ఉద్యోగములో నుండెను. పై అధికారులతో పొసగక 1834లో ఉద్యోగము పోగొట్టుకొని ఇంగ్లండునకు పోయెను. తీరిక దొరికెను గదా యని తిరుగువాడు కాదాయన. లండనులో కుంపిణీవారి ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు చదువువారు లేక పడియుండుట చూచెను. ఈ దేశమునుండి పోయిన ఆకులవి. వానిని చదువగలవారు ఇచట నున్నారు. ఆకులు అచట నున్నవి. అధికారులను ఒప్పించి 2,106 ప్రతులను చెన్నపట్నమునకు మరల్పించెను. కొలువు పోయిన మనుష్యుడు, తిరిగి కొలువు దొరకునో దొరకదో తెలియని స్థితిలో, ఎవరును అడుగని పని కొరకు పెద్దల చుట్టు తిరుగుట ఎట్టిదో ఊహించుకొనవలసినదే. మన దేశమున మన పుస్తకములకు ఆ మాత్రము కాళ్ళరుగ తిరిగినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

1837లో ఆయన మరల వచ్చి ప్రభుత్వమునకు పారశీక భాషాంతరీకరణకర్తగ చేరెను. తరువాత తెలుగు భాషాంతరీకరణకర్తగను, చెన్నరాజధాని తపాలశాఖకు అధిపతిగను పనిచేసెను. 1840లో వ్యాకరణము, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. అరబ్బీ, పారశీ, హిందూస్థానీల నుండి తెలుగున చేరిన మాటలను త్రోసివేయక 1854లో వానికి వేరుగ మిశ్రభాషా నిఘంటువు కూర్చెను. జమ, ఖర్చు, వసూలు, బాకీ యను మాటలు లేక ఏ ఊరి లెక్క నడచినది? తాను జీవితమంతయు కూడబెట్టిన వ్రాతప్రతులను మదరాసు సాహిత్య సంఘమునకు ఇచ్చివేసెను. అప్పులు చేసి కొన్న వానిని అమ్ముకొనవచ్చును, ఆయన అమ్ముకొనలేదు.

1855లో ఆరోగ్యము చెడి ఉద్యోగము విడిచి లండను చేరెను. వివాహము లేదు. 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడయ్యెను. అచటను తన నిఘంటువు ప్రతిని ముందు పెట్టుకొని దిద్దుచు, చేర్చుచు కాలము గడిపెను. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన మరణించెను. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి యున్నది.

ఆయన వ్రాయించిన సంపుటములు నేడు చెన్నపట్నమున ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నున్నవి. 1970ల దశకములో బంగోరె యను పేర ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి బ్రౌను జాబులను, కాగితములను శ్రమపడి వెదకి అచ్చునకెక్కించెను. కడపలోని బంగాళా కాలక్రమమున శిథిలమై మొండిగోడలు మిగిలెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఊరూర తిరిగి విరాళములు ప్రోగుచేసి, ఆ స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయము నిలుపజేసెను. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషాపరిశోధన కేంద్రమై, తాటియాకులను, పాత కాగితములను ఇంకను చేర్చుకొనుచున్నది.